పొలిటికల్ సైన్స్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డి గారు: పండితుడా, పాలకుడా? సెమినార్ కోసం అడుగుతున్నాను

మంజీర_పిల్ల (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను ఉస్మానియాలో పొలిటికల్ సైన్స్ ఎంఏ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది మెదక్ దగ్గర పల్లె. మా ఇంట్లో పీజీ దాకా వచ్చింది నేనే మొదటిదాన్ని. పీహెచ్‌డీ చేయాలని ఉంది కానీ చాలా టెన్షన్‌గా ఉంది. "ఆ చదువుతో ఏమొస్తది, బీఈడీ చేసి టీచర్ పోస్టుకు చూసుకో" అంటున్నారు నాన్న. ఆయన్ని తప్పుపట్టలేను. రెండెకరాల మీద నన్ను ఇంతదాకా చదివించారు.

క్యాంపస్‌లో దూరవిద్యా కేంద్రం బోర్డు మీద ప్రొఫెసర్ జి. రాంరెడ్డి పేరు రోజూ చూస్తుంటాను. మొన్న లైబ్రరీలో తెలంగాణ ప్రాంతీయవాదం మీద 1979లో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి తీశాను. దాని మీద కూడా అదే పేరు, బి.ఎ.వి. శర్మ గారి పేరుతో కలిపి. బోర్డు మీది మనిషీ పుస్తకం రాసిన మనిషీ ఒక్కరేనని నాకు అప్పుడే తెలిసింది.

ఇప్పుడు డిపార్ట్‌మెంట్ సెమినార్‌లో ఆయన గురించి 20 నిమిషాలు మాట్లాడాలి. నెట్‌లో వెతికితే పదవుల వరుస దొరుకుతోంది. ఉస్మానియా వీసీ (వైస్ ఛాన్సలర్), ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ మొదటి వీసీ, ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ ఓపెన్ యూనివర్సిటీ) మొదటి వీసీ, యూనివర్సిటీలకు నిధులిచ్చే కేంద్ర సంస్థ యూజీసీకి చైర్మన్. అంతే. ఆ వరుస చదివేసి కూర్చోవడం నాకిష్టం లేదు. రాజనీతి శాస్త్రం చదివిన మనిషి ఇన్ని సంస్థలు నడిపాడు కదా, ఆయన చదువు ఆ కుర్చీల్లో ఎక్కడైనా పనికొచ్చిందా? లేక కుర్చీ రాగానే చదువు పక్కన పెట్టేశారా? ఆ కాలం తెలిసినవాళ్లు చెప్పగలరా?

మానేరు_మాస్టారు:

బిడ్డా, మంచి ప్రశ్న అడిగావు. నేను జూనియర్ కాలేజీలో సివిక్స్ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. రాంరెడ్డి గారిని నేను ఎన్నడూ కలవలేదు. కానీ నా బతుకులో రెండుసార్లు ఆయన పని నన్ను తాకింది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదువు.

ముందు ఆయన ఏం చదివాడో చూడు. కరీంనగర్ జిల్లా పల్లెలో 1929లో పుట్టిన మనిషి. ఆయనకు ముప్పై ఏళ్లు వస్తున్న రోజుల్లో, 1959 అక్టోబరులో, నెహ్రూ గారు షాద్‌నగర్ వచ్చి పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. రాజస్థాన్ తర్వాత మనదే రెండో రాష్ట్రం. ఊరికి పంచాయతీ, బ్లాకుకు సమితి, జిల్లాకు పరిషత్తు. డబ్బు ఢిల్లీ నుంచి, హైదరాబాద్ నుంచి బయల్దేరి సమితి దాకా వస్తుంది. సమితి దాటి ఎవరి ఇంటికి పోతోంది? రాంరెడ్డి గారి పరిశోధనంతా దాదాపు ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. 1974లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ మీద ఆయన రాసిన అధ్యయనాన్ని అచ్చువేశారు. 1977లో దేశంలోని వేర్వేరు రాష్ట్రాల పంచాయతీరాజ్ పద్ధతుల మీద ఆయన సంపాదకత్వంలో ఒక పుస్తకం వచ్చింది. అదే ఏడు ఉస్మానియాకు వీసీ అయ్యాడు.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్తాను. 1978లో మా బాపు బావి తవ్వించడానికి లోను కోసం తిరిగాడు. ఎకరంన్నర చెలక, మెట్టభూమి. పట్వారీ దగ్గర పహాణీ, అంటే భూమి రికార్డు, నకలు కావాలి. సమితి ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. బ్యాంకులో జామీను చూపాలి. బాపుకు చదువు రాదు. ఏ ఆఫీసుకు ఏ రోజు పోవాలో కూడా తెలియదు. మా పక్క ఊళ్లో ఒకాయన ఉండేవాడు. తెల్ల ధోవతి, చంకలో రెక్సిన్ సంచి. ఆయనకు అన్ని ఆఫీసుల్లో గుమాస్తాలు తెలుసు, ఎవరికి ఎంత ముట్టచెప్పాలో తెలుసు. బాపు ఆయనకు 200 రూపాయలు ఇచ్చాడు, అది మా మేకలు అమ్మిన డబ్బు. ఎనిమిది నెలలు ఆయన వెంట తిరిగాడు. చివరికి లోను వచ్చింది, సగం. మిగతా సగానికి మళ్లీ ఆయనే కావాలి. బావి పద్నాలుగు గజాల దగ్గర ఆగిపోయింది. నీళ్లు పడలేదు. ఆ కిస్తీలు మాత్రం చాలా ఏళ్లు కట్టాం.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, 1991లో కాకతీయ యూనివర్సిటీ లైబ్రరీలో ఒక ఇంగ్లీషు పత్రిక పాత సంచిక తిరగేస్తుంటే ఒక వ్యాసం కనిపించింది. పత్రిక పేరు 'ఏషియన్ సర్వే'. 1985 సంచిక. హరగోపాల్ గారు, రాంరెడ్డి గారు కలిసి రాసిన వ్యాసం. శీర్షికలోనే మన మాట ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది: 'పైరవీకార్'. ఆ అక్షరాలు చూసి నేను అక్కడే నిలబడిపోయాను. మా బాపు వెంట తిరిగిన ఆ రెక్సిన్ సంచి మనిషి మీద అమెరికా పత్రికలో వ్యాసం! ప్రభుత్వం పేదవాడి కోసం పథకాలు పెంచుకుంటూ పోతుంది. పేదవాడికి ఆఫీసు భాష రాదు, ఆఫీసుకు పేదవాడి గోడు పట్టదు. ఆ నడుమ ఖాళీలో ఈ మనిషి పుట్టుకొస్తాడు. వాడిని ఉత్త దొంగగా చూసి వదిలేయలేం. వాడు లేకపోతే ఆ సగం లోను కూడా రాదు. కానీ వాడున్నంత కాలం మా బాపు తన సొంత కాళ్ల మీద ఆ ఆఫీసు మెట్లు ఎక్కలేడు. ఆ వ్యాసం నాకు అర్థమైన తీరు ఇది. నువ్వు తప్పకుండా మూలం చదువు.

ఇప్పుడు నీ ప్రశ్నకు వస్తాను. నా ఉద్దేశంలో ఆయన ఓపెన్ యూనివర్సిటీ పని ఈ పరిశోధనకు కొనసాగింపే. పైరవీ అవసరం లేని ఒక కిటికీ తెరిస్తే ఎలా ఉంటుందో ఆయన కట్టి చూపించాడు. ఇది నేను చెప్పే మాట, ఆయన అన్నమాటగా సెమినార్‌లో చెప్పకు.

1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే నువ్వన్న ఓపెన్ యూనివర్సిటీ, మొదలైంది. భవనం వెంకట్రామ్ గారు ముఖ్యమంత్రి. ఆయన ఆ కుర్చీలో ఉన్నది ఏడు నెలలు కూడా కాదు, కానీ ఈ ఒక్క పనికి ఆయన్ని గుర్తుపెట్టుకోవాలి. దేశంలో అలాంటి యూనివర్సిటీ అదే మొదటిది. 1991లో దానికి అంబేడ్కర్ గారి పేరు పెట్టారు. ఇంగ్లండ్‌లో 1969లో ఓపెన్ యూనివర్సిటీ పెట్టిన తీరు మనవాళ్లకు ఒక నమూనా. అయితే ఇక్కడ ఒకటి గమనించాలి. అక్కడ పుస్తకం కొనగలిగినవాడు, ఇంట్లో టీవీ ఉన్నవాడు విద్యార్థి. ఇక్కడ విద్యార్థి నేను.

నేను టెన్త్ తర్వాత చదువు ఆపేశాను, కారణం ఆ బావే. బీడీ కార్ఖానాలో మున్షీగా చేరాను. ఆడవాళ్లు చుట్టుకొచ్చిన బీడీలు లెక్కపెట్టి, ఆకు తూకమేసి, పుస్తకంలో రాయడం నా పని. 1986లో నాతోటి పనిచేసే ఒకాయన కాగితం తెచ్చి చూపించాడు. ఇంటర్ లేకపోయినా 18 ఏళ్లు నిండితే చాలు, అర్హత పరీక్ష రాసి పాసైతే డిగ్రీలో చేరవచ్చు. నేను నమ్మలేదు. "ఎవరిని పట్టుకోవాలె?" అని అడిగాను. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే. "ఎవర్నీ పట్టుకోవద్దు, ఫారం నింపి ఫీజు కట్టుడే" అన్నాడు.

పరీక్ష తెలుగులోనే రాశాను. పాసయ్యాను. కరీంనగర్‌లో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ గదుల్లో ఆదివారం ఆదివారం క్లాసులు. వారమంతా మామూలు పిల్లలు కూర్చునే బెంచీల మీద ఆదివారం మేం కూర్చునేవాళ్లం. నా పక్కన ఆర్టీసీ కండక్టర్, ఆయన పక్కన ఇద్దరు పిల్లల తల్లి, వెనక సింగరేణి నుంచి వచ్చిన ఇద్దరు. పుస్తకాలు చేతికిచ్చారు, తెలుగులో. అవి మామూలు పాఠ్యపుస్తకాల్లా ఉండవు. పాఠం మొదట్లో ఇది చదివితే నీకేం తెలుస్తుందో ఉంటుంది, నడుమ నడుమ చిన్న ప్రశ్నలుంటాయి, చివర జవాబులుంటాయి. మాస్టారు పక్కన లేనివాడు చదువుకుంటాడని తెలిసి రాసిన పాఠాలు. ఒక్కొక్కరు ఒక్కో భాగం రాస్తారు, ఇంకొకరు దిద్దుతారు, భాష మరొకరు చూస్తారు. వేర్వేరు యూనివర్సిటీల ప్రొఫెసర్లను కూర్చోబెట్టి ఇలా తెలుగులో రాయించడం మామూలు పని అనుకోకు. క్లాసులో నోటితో చెప్పేసే ప్రొఫెసర్‌కు, బీడీ కార్ఖానాలో దీపం ముందు ఒంటరిగా చదివే మనిషి కోసం రాయడం కొత్త విద్య.

ఆ పుస్తకాల్లోనే నేను మొదటిసారి సమితి అంటే ఏమిటో చదివాను. మా బాపును ఎనిమిది నెలలు తిప్పిన ఆఫీసు చట్టంలో ఎలా పనిచేయాలో అందులో ఉంది. ఆ రాత్రి బాపుకు చదివి వినిపించాను. "ఇదంతా రాసి ఉందా?" అన్నాడు. అంతే అన్నాడు.

ఇగ్నో సంగతి తొందరగా చెప్పేస్తాను, అది నీకు ఎక్కడైనా దొరుకుతుంది. 1985లో పార్లమెంటు చట్టంతో వచ్చింది. రాంరెడ్డి గారు మొదటి వీసీ. మొదటి రెండేళ్లు పాఠాలు తయారు చేయడం, కేంద్రాలు పెట్టడంతో గడిచాయి. 1987లో రెండే డిప్లొమాలతో మొదలుపెట్టారు, మేనేజ్‌మెంట్ ఒకటి, దూరవిద్య ఒకటి. చేరినవాళ్లు 4,528 మంది. ఇప్పుడు లక్షల్లో ఉన్నారు. ఆ రెండో డిప్లొమా సంగతి సెమినార్‌లో తప్పక చెప్పు. దూరవిద్య ఎలా నడపాలో నేర్పే చదువునే దూరవిద్యలో పెట్టారు. పనివాళ్లను ముందు తయారు చేసుకోవాలన్న ఆలోచన కనిపిస్తుంది అందులో. అదే 1987లో రాజస్థాన్‌లోని కోటలో, బిహార్‌లో నలందా పేరుతో, 1989లో నాసిక్‌లో ఓపెన్ యూనివర్సిటీలు వచ్చాయి.

చదువు పక్కన పెట్టారా అన్నావు. 1979 పుస్తకం నువ్వే చూశావు, అప్పుడు ఆయన వీసీ. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం అయిపోయి పదేళ్లే. గాయం ఇంకా పచ్చిగా ఉన్న క్యాంపస్‌కు అధిపతిగా ఉంటూ తెలంగాణ మీద పుస్తకం తేవడానికి గుండె కావాలి. పైరవీకారు వ్యాసం 1985, అప్పుడు రెండు ఓపెన్ యూనివర్సిటీల నడుమ ఉన్నాడు. 1989లో ఆంధ్రప్రదేశ్‌లో కులం, వర్గం, ఆధిపత్యం మీద ఒక పెద్ద వ్యాసం, ఫ్రాంకెల్, రావు గార్ల సంపాదకత్వంలో వచ్చిన సంపుటంలో. ఏ కులాలు అధికారాన్ని పట్టుకున్నాయో, మిగతావాళ్లను కాస్త కాస్త కలుపుకుంటూ దాన్ని ఎలా నిలబెట్టుకున్నాయో అందులో ఉంది. తన పేరు చివర ఉన్న కులం గురించి కూడా రాశాడు. ఈ మూడింటినీ వరుసగా పెట్టుకుని చూడు, నీ 20 నిమిషాలు సరిపోవు.

నాగావళి:

మాస్టారూ, మీ అనుభవం చదివి కళ్లు చెమర్చాయి. మాది శ్రీకాకుళం, డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెప్తాను. అయితే ఆ అమ్మాయి సెమినార్‌లో రెండో వైపు కూడా రావాలి కాబట్టి రాస్తున్నాను.

1991 నుంచి 1995 వరకు ఆయన యూజీసీ చైర్మన్. సరిగ్గా ఆర్థిక సంస్కరణల కాలం. కేంద్రం చేతులు బిగించింది. అప్పుడే యూజీసీ వేసిన జస్టిస్ పున్నయ్య కమిటీ 1993లో నివేదిక ఇచ్చింది. పున్నయ్య గారు మా జిల్లా మనిషే. యూనివర్సిటీలు తమ ఏటేటా ఖర్చులో 15 శాతం ఐదేళ్లలో, 25 శాతం పదేళ్లలో సొంతంగా సంపాదించుకోవాలని ఆ కమిటీ చెప్పింది. ఆ కమిటీ చూసింది కేంద్రీయ విశ్వవిద్యాలయాల నిధులను. కానీ ఆ ఆలోచన అక్కడితో ఆగలేదు. ఫీజులు పెరిగాయి, సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు వచ్చాయి. దూరవిద్య చాలాచోట్ల యూనివర్సిటీకి డబ్బు తెచ్చే శాఖ అయిపోయింది. పేదవాడి గుమ్మం దాకా పోవాలని పుట్టింది పేదవాడి ఫీజుతో మిగతా భవనాలు నడిపే పద్ధతికి వచ్చింది. నేను ఒకచోట స్టడీ సెంటర్‌లో ఆదివారాలు పాఠాలు చెప్పాను. 30 క్లాసులు జరగాల్సినచోట 9 జరిగాయి. అడిగితే బడ్జెట్ లేదన్నారు. ఆ 9 క్లాసులకు వచ్చిన కూలీ పిల్లల ముఖాలు నాకు ఇంకా గుర్తున్నాయి. ఇది రాంరెడ్డి గారు చేసిన తప్పని అనను, అప్పటికి ఆయన లేరు. కానీ ఆయన తెరిచిన తలుపు గుండా ఏమేం లోపలికి వచ్చాయో కూడా చదవాలి.

ఇంకోటి. 1990ల్లో ఆయన రాసినవి ఎక్కువగా ఉన్నత విద్య గురించే. పల్లె మీద అంత బాగా రాసిన మనిషి, మండలాలు వచ్చాక ఏమైందో కూడా రాసి ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది. 1986లో సమితులు పోయి మండలాలు వచ్చాయి, పైరవీకారు మాత్రం పోలేదు.

మానేరు_మాస్టారు:

నాగావళి గారూ, మీరు చెప్పిందాంట్లో ఒప్పుకోవాల్సింది చాలా ఉంది. 30 క్లాసులకు 9 అనేది నాకూ తెలుసు. మా రోజుల్లో ఆదివారం పాఠం చెప్పే కౌన్సిలర్ రాకపోతే మేమే ఒకరికొకరం చెప్పుకునేవాళ్లం. తర్వాత్తర్వాత వచ్చేవాళ్లే తగ్గిపోయారు. పున్నయ్య కమిటీ సంగతి ఆమె తప్పక చెప్పాలి.

ఒక్క మాట మాత్రం కలుపుతాను. కాలేజీల నాణ్యతను చూసే సంస్థ నాక్ కూడా ఆయన హయాంలోనే, 1994లో, బెంగళూరులో మొదలైంది. కాలేజీలను బయటివాళ్లు వచ్చి చూసి గ్రేడు ఇవ్వడం అప్పుడు చాలామందికి నచ్చలేదు. తలుపు వెడల్పు చేసిన మనిషే లోపల ఏం జరుగుతోందో చూసే ఏర్పాటు కూడా పెట్టాడు. ఆ ఏర్పాటు తర్వాత ఎలా నడిచిందన్నది వేరే చర్చ. ఈ రెండు పనుల నడుమ సంబంధం మీద ఎవరైనా పీహెచ్‌డీ చేస్తే నేను ముందుగా చదువుతాను. 1995లో ఆయన పోయారు. 65 ఏళ్లంతే. మండలాల మీద రాసే తీరిక ఆయనకు దొరకలేదని నేను అనుకుంటాను.

గోదారి_గట్టు:

నేను చదువుకున్నదాన్ని కాదు ఈ సబ్జెక్టు, కానీ ఒక మాట చెప్పాలనిపించింది. మా అమ్మ అంగన్‌వాడీ టీచరు, రాజమండ్రి దగ్గర. టెన్త్ మధ్యలో పెళ్లి చేసేశారు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా అమ్మ ఓపెన్ డిగ్రీలో చేరింది. ఆదివారం పొద్దున్నే చద్దన్నం తిని బస్సెక్కేది, సాయంత్రం వచ్చి మా ఇద్దరినీ కూర్చోబెట్టి పాఠం మాకు చెప్పేది. అలా చెప్తేనే తనకి గుర్తుంటుందట. స్థానిక ప్రభుత్వాల పాఠం నేను అలా అమ్మ నోటినుంచే విన్నాను. మూడేళ్ల డిగ్రీకి ఐదేళ్లు పట్టింది. పరీక్షల్లో తన కంటే చిన్నవాళ్లు "ఆంటీ" అంటే సిగ్గుపడేది. సర్టిఫికెట్ వచ్చిన రోజు దాన్ని బీరువాలో పట్టుచీర మడతలో పెట్టింది. ఇప్పటికీ అక్కడే ఉంది. ఈ రాంరెడ్డి గారి పేరు మా అమ్మకు తెలియదు. ఈ రాత్రి ఫోన్ చేసి చెప్తాను.

మంజీర_పిల్ల:

మాస్టారూ, నాగావళి మేడమ్ లేదా సార్, గోదారి అక్కా, అందరికీ ధన్యవాదాలు. పైరవీకారు వ్యాసం లైబ్రరీ ద్వారా దొరికింది, రెండుసార్లు చదివాను. మా ఊళ్లో ఆ పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారో చదువుతుండగానే కళ్లముందు కనిపించింది. బస్టాండు దగ్గర ఆన్‌లైన్ దరఖాస్తులు పెట్టే షాపు. పింఛనుకి, కుల ధ్రువీకరణకి, భూమి కాగితాలకి అందరూ అక్కడికే. ఆ షాపతనికి ఏ వెబ్‌సైట్ ఎప్పుడు తెరుచుకుంటుందో తెలుసు, ఆఫీసులో ఏ టేబుల్ దగ్గర ఫైల్ ఆగిందో కూడా తెలుసు. నాన్న ఆధార్‌కి కట్టిన ఓటీపీ ఫోన్ నంబర్ కూడా అతనిదే. రెక్సిన్ సంచి పోయి కంప్యూటర్ వచ్చిందనిపించింది.

నా పీహెచ్‌డీ దీని మీద చేయొచ్చా? నాన్నకి ఈ టాపిక్ చెప్తే మొదటిసారి కూర్చుని విన్నారు. "నిరుడు నా పాసుబుక్కు తప్పు దిద్దించడానికి నాలుగు వేలు ఇచ్చిన, అది కూడా రాస్తవా?" అని అడిగారు.

మానేరు_మాస్టారు:

రాయి బిడ్డా. నాన్నదే మొదటి ఇంటర్వ్యూ చెయ్. తేదీలు, ఎన్నిసార్లు తిరిగాడో, ఎవరికి ఎంత ఇచ్చాడో ఇప్పుడే రాసిపెట్టుకో, ఏడాది పోతే ఆయనే మర్చిపోతాడు. షాపతన్ని కూడా అడుగు, అతని ఖర్చులు, అతని భయాలు అతనికుంటాయి. పేర్లు మార్చి రాయి. సోమవారం ప్రజావాణి రోజు, అంటే జనం అర్జీలిచ్చే రోజు, కలెక్టరేట్‌కు పదిలోపే వెళ్లి ఒక మూలన కూర్చో, నెలరోజులు ఏమీ అడగకుండా చూడు.

నా దగ్గర 1986 నాటి ఓపెన్ యూనివర్సిటీ పుస్తకాలు ఉన్నాయి, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌వి మూడు, పొలిటికల్ సైన్స్‌వి నాలుగు. అంచులు చెదలు తిన్నాయి కానీ అక్షరాలు బాగున్నాయి. సెమినార్‌లో అందరికీ చూపించడానికి పనికొస్తాయి. కరీంనగర్ వైపు వస్తే తీసుకెళ్లు, లేదంటే ఆర్టీసీ కార్గోలో పంపిస్తాను.